విహరిణిలో రచ్చబండ

పాఠ్యభాగ పరిచయం

అంతర్జాలంలోని పుటలను చూపించే సాధనం బ్రౌజరు. దీనినే విహరిణి అని కూడా వ్యవహరిస్తారు. దూరాన ఉన్న మనుషులను మాటతో, బొమ్మతో కలిపేది సామాజిక మాధ్యమం. ఈ రెండింటినీ ఒకే చోట చేర్చాలనే ప్రయత్నం 2005వ సంవత్సరం నుండి సుమారు ఎనిమిది సంవత్సరాల పాటు ముమ్మరంగా సాగింది. ఆ ప్రయత్నం ఎలా మొదలైంది, ఎందుకు నిలవలేదు, దాని నుండి నేటి విద్యార్థి గ్రహించవలసినది ఏమిటి అనే అంశాలను ఈ పాఠం వివరిస్తుంది.

కీసరగుట్ట రాతి మీది మాట

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని కీసర, హైదరాబాదు నగరానికి ఈశాన్య దిశలో ఉన్న ప్రాచీన క్షేత్రం. అక్కడి గుట్టపై రామలింగేశ్వరాలయం ఉంది. శ్రీరాముడు శివలింగాన్ని ప్రతిష్ఠింపదలచి హనుమంతుని కాశీకి పంపాడని, ముహూర్తం మించిపోతుండగా శివుడే ప్రత్యక్షమై లింగాన్ని ప్రసాదించాడని, ఆలస్యంగా చేరుకొన్న హనుమంతుడు తాను తెచ్చిన లింగాలను కినుకతో గుట్ట మీద వెదజల్లాడని స్థలపురాణం చెబుతుంది. నేటికీ గుట్టపై అక్కడక్కడ శివలింగాలు కనిపిస్తాయి. మహాశివరాత్రికి జరిగే జాతరకు చుట్టుపక్కల గ్రామాల నుండి, నగరం నుండి జనం తండోపతండాలుగా తరలివస్తారు.

ఈ గుట్టకు పురాణ ప్రసిద్ధితో పాటు చరిత్ర ప్రసిద్ధి కూడా ఉంది. విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక కట్టడాల అవశేషాలు ఇక్కడ బయటపడ్డాయి. గుట్ట మీది ఒక బండరాతిపై ‘తొలుచువాన్ఱు’ అనే తెలుగు మాట చెక్కి ఉంది. రాళ్ళను తొలిచే పనివారు అని దాని అర్థం. తెలంగాణలో లభించిన తొలి తెలుగు మాటలలో ఇది ఒకటని చరిత్రకారులు భావిస్తారు.

ఆ మాటలో రాజు బిరుదు లేదు, దానధర్మాల ప్రశంస లేదు. ఉన్నది పనివారి ఉనికి మాత్రమే. ‘మేము ఇక్కడ ఉన్నాము’ అని నలుగురికీ తెలియజెప్పాలనే కోరిక మనిషికి ఎంత సహజమైనదో ఆ ఒక్క మాట చాటుతుంది. పదిహేను శతాబ్దాల తరువాత తెర మీద తన పేరును, తన బొమ్మను నిలుపుకొనే యువకుని కోరిక కూడా అదే. అయితే రాతిపై చెక్కిన మాటకు, తెరపై రాసిన మాటకు మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. రాతి మీది మాటను చదివి వెళ్ళినవాని వివరాలను ఆ రాయి గుర్తు పెట్టుకోదు. తెర అలా కాదు. ఈ భేదాన్ని అర్థం చేసుకోవాలంటే బ్రౌజరు చరిత్రను కొంత తెలుసుకోవాలి.

చదవడం నుండి కలవడం దాకా

స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989లో వరల్డ్ వైడ్ వెబ్‌కు సంబంధించిన ప్రతిపాదన చేశాడు. 1990లో తొలి బ్రౌజరును స్వయంగా రాశాడు. ఆ బ్రౌజరులో పుటలను చదవడమే కాక, రాయడానికీ వీలుండేది. అంటే చదువరి, రచయిత ఒకే సాధనాన్ని పట్టుకోవాలన్నది ఆయన ఆశయం.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా మొజాయిక్ అనే బ్రౌజరును రూపొందించారు. అక్షరాల నడుమనే బొమ్మలను చూపగలిగిన మొజాయిక్ లోకాన్ని ఆకట్టుకొంది. 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్యులకు అంతర్జాల సేవలను ప్రారంభించింది. ఈ దశలో బ్రౌజరు ప్రధానంగా చూసే కిటికీగానే ప్రచారం పొందింది. రాసే పని వెనుకబడింది. వినియోగదారుడు ప్రేక్షకుడయ్యాడు.

2004లో పరిస్థితి మారింది. ఆ సంవత్సరమే ఆర్కుట్, ఫేస్‌బుక్, ఛాయాచిత్రాలను పంచుకొనే ఫ్లికర్ మొదలయ్యాయి. 2006లో ట్విట్టర్ వచ్చింది. జనం చూడటానికే కాక, కలుసుకోవడానికి కూడా అంతర్జాలంలోకి రాసాగారు. కాని ఒక్కొక్క చోటికి ఒక్కొక్క వాకిలి. స్నేహితుని బొమ్మ ఒకచోట, అతని పలకరింపు మరొకచోట, ఉత్తరం ఇంకొకచోట. వాటిని చూడాలంటే అన్ని వాకిళ్ళనూ ఒక్కొక్కటిగా తట్టవలసి వచ్చేది. ‘వాకిళ్ళన్నింటినీ కిటికీ అంచుకే తెస్తే ఏమవుతుంది?’ అన్న ఆలోచన నుండి సామాజిక బ్రౌజరు పుట్టింది.

ఫ్లాక్, రాక్‌మెల్ట్

ఫ్లాక్ అనే మాటకు పక్షుల గుంపు అని అర్థం. ఆ పేరుతో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు సాంకేతిక నిపుణులు 2005 అక్టోబరులో ఒక బ్రౌజరు తొలి నమూనాను విడుదల చేశారు. మొజిల్లా వారు అందరికీ స్వేచ్ఛగా అందించిన సాంకేతిక పునాదిపైనే దానిని నిర్మించారు. 2007 నవంబరులో దాని 1.0 సంచిక వెలువడింది.

ఫ్లాక్ పనితీరు సులభంగానే అర్థమవుతుంది. వినియోగదారుడు తన ఖాతాలలోకి ఒకసారి ప్రవేశిస్తే చాలు, బ్రౌజరు ఆ సంగతిని గ్రహించి, కొద్దికొద్ది వ్యవధిలో ఆయా సంస్థల కంప్యూటర్లను ‘కొత్త విశేషమేమైనా ఉందా?’ అని అడుగుతూ ఉండేది. ఇలా అడగడానికి, జవాబు పొందడానికి సంస్థలు ఏర్పాటు చేసిన ద్వారాన్ని సాంకేతిక పరిభాషలో ఏపీఐ అంటారు. వచ్చిన జవాబులు తెర పక్కన ఒక పట్టీలో స్నేహితుల పేర్ల పక్కన కనిపించేవి. చదువుతున్న పుటలోని బొమ్మను పట్టి లాగి స్నేహితుని పేరు మీద వదిలితే అది అతనికి చేరేది. ఊరి తపాలా ఉద్యోగి ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు అందించినట్లుగా, ఫ్లాక్ అన్ని వాకిళ్ళూ తానే తిరిగి సమాచారాన్ని తెచ్చి ఇచ్చేది.

ఫ్లాక్‌కు మెప్పు లభించింది గాని, కోట్లాది జనానికి అది అలవాటు కాలేదు. 2010లో అది మొజిల్లా పునాదిని వదలి గూగుల్ వారి క్రోమియం పునాదికి మారింది. 2011 జనవరిలో ఆటలను రూపొందించే జింగా సంస్థ ఫ్లాక్‌ను స్వాధీనం చేసుకొంది. అదే సంవత్సరం ఏప్రిల్ 26తో బ్రౌజరుకు సేవలు నిలిచిపోయాయి.

ఫ్లాక్ అస్తమించే వేళకు రాక్‌మెల్ట్ ఉదయించింది. ఎరిక్ విశ్రియా, టిమ్ హోవెస్ స్థాపించిన ఈ సంస్థకు మొజాయిక్ నిర్మాతలలో ఒకరైన మార్క్ ఆండ్రీసెన్ అండగా నిలిచాడు. 2010 నవంబరులో వెలువడిన ఈ బ్రౌజరులో తెరకు ఎడమ అంచున స్నేహితుల ముఖచిత్రాలు, కుడి అంచున ఇష్టమైన వెబ్‌సైట్ల గుర్తులు వరుసగా ఉండేవి. మొదట్లో దీనిని వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి. కిటికీ తెరవడానికే పొరుగింటి తాళంచెవి కావలసి వచ్చిందన్నమాట. 2013 ఆగస్టులో యాహూ సంస్థ రాక్‌మెల్ట్‌ను కొనుగోలు చేసింది. ఆ తరువాత బ్రౌజరు కనుమరుగైంది.

భారతీయ ప్రయత్నం – తెలుగు అవసరం

మన దేశంలో ఇటువంటి ప్రయత్నం బెంగళూరులో జరిగింది. హిడెన్ రిఫ్లెక్స్ అనే సంస్థ 2010 జులైలో ఎపిక్ అనే బ్రౌజరును విడుదల చేసింది. దీని పునాది కూడా మొజిల్లాదే. తెర పక్కని పట్టీలో ఫేస్‌బుక్, ఆర్కుట్, ట్విట్టర్ వంటి వాటిని చూసుకొనే వీలు ఉండేది. తెలుగుతో సహా 12 భారతీయ భాషలలో టైపు చేసుకొనే సదుపాయం దీని ప్రత్యేకత.

ఈ సదుపాయం విలువ తెలియాలంటే ఆనాటి తెలుగు చదువరి ఇక్కట్లను గుర్తు చేసుకోవాలి. 2000 తొలి సంవత్సరాలలో పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఖతులను, అంటే తమకే ప్రత్యేకమైన అక్షర రూపాలను వాడేవి. ఆ ఖతి కంప్యూటరులో లేకపోతే తెలుగు వార్తకు బదులు అర్థం కాని గుర్తులు కనిపించేవి. ఒక పత్రిక నుండి తీసుకొన్న వాక్యాన్ని స్నేహితునికి పంపినా అతనికి అది చేరేది గుర్తుల కుప్పగానే. ఈ చిక్కును తీర్చడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణాన్ని రూపొందించాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు జోడించుకొనే ఈ ఉపకరణం వేర్వేరు ఖతులలోని తెలుగును సర్వసమ్మతమైన యూనికోడ్ లిపిలోకి మార్చి చూపేది. ఫైర్‌ఫాక్స్ ఆదేశాలను, పట్టికలను తెలుగులోకి తెచ్చినవారు కూడా స్వచ్ఛంద కార్యకర్తలే.

సామాజిక అనుసంధానం అంటే తెర పక్కన ముఖచిత్రాల వరుస మాత్రమే కాదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. ఒకరు రాసినది మరొకరు చదవగలిగినప్పుడే అనుసంధానం సార్థకమవుతుంది. అక్షరం కలవనిచోట మనుషులు కలవలేరు.

ఎందుకు నిలవలేదు?

ఫ్లాక్ తొలి నమూనా నుండి సేవల ముగింపు దాకా గడిచినది ఆరు సంవత్సరాల లోపే. రాక్‌మెల్ట్ ఆయువు మూడు సంవత్సరాలు కూడా నిండలేదు. ఇందుకు ప్రధానంగా నాలుగు కారణాలను పేర్కొనవచ్చు.

మొదటిది పరాధీనత. ఈ బ్రౌజర్లు చూపిన సమాచారమంతా ఇతర సంస్థలది. ఆ సంస్థలు తమ ద్వారాన్ని మూసినా, నియమాలను మార్చినా బ్రౌజరు పట్టీ ఖాళీ కావలసిందే. ఆర్కుట్ సంస్థే 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అటువంటప్పుడు ఆర్కుట్ కోసం కట్టిన కిటికీకి ప్రయోజనం ఏమి ఉంటుంది? ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

రెండవది చరవాణి విస్తరణ. స్మార్ట్‌ఫోన్లు వ్యాపించిన తరువాత ప్రతి సామాజిక మాధ్యమానికీ సొంత యాప్ ఏర్పడింది. భారతదేశంలో 2016 తరువాత చౌకగా లభించిన డేటా ఈ మార్పును వేగిరపరచింది. స్నేహితుల విశేషాలు జేబులోని ఫోనులోనే మోగుతుండగా, బల్ల మీది కంప్యూటరులో వాటి కోసం వేరొక బ్రౌజరును అమర్చుకొనే అవసరం తగ్గిపోయింది.

మూడవది ఏకాగ్రతకు కలిగే విఘాతం. చదువరి కన్ను ఒక పంక్తిపై నిలిచి ఉండగా, పక్కన మరొక ముఖచిత్రం వెలిగితే దృష్టి అటు మరలుతుంది. చదివే గది, రచ్చబండ రెండూ ఊరికి అవసరమే. కాని రచ్చబండను చదివే గదిలోకే తెచ్చి వేస్తే అక్కడ చదువు సాగదు.

నాలుగవది విశ్వాసానికి సంబంధించినది. ఇది అన్నింటికంటె ముఖ్యమైనది.

చూసేవానిని చూసే కన్ను

సామాజిక మాధ్యమానికి తెలిసేది అందులో రాసిన సంగతి. బ్రౌజరుకు తెలిసేది వినియోగదారుడు ఎక్కడెక్కడికి వెళ్ళాడో ఆ వివరమంతా. ఈ రెండూ ఒకచోట చేరితే ఒక మనిషి బహిరంగ జీవితం, ఏకాంత జీవితం ఒకే పుస్తకంలోకి ఎక్కినట్లే.

ఇందుకు ప్రత్యేకమైన బ్రౌజరు కూడా అక్కరలేదని తరువాతి కాలం చూపింది. 2010 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ సంస్థ తన ‘లైక్’ గుర్తును ఇతర వెబ్‌సైట్లలోనూ ఉంచుకొనే వీలు కల్పించింది. ఒక విద్యార్థిని తన తల్లికి వచ్చిన వ్యాధి గురించి తెలుసుకొందామని వైద్య విషయాల పుటను తెరిచిందనుకోండి. ఆ పుటలో లైక్ గుర్తు ఉంటే, దానిని చూపడానికి బ్రౌజరు ఫేస్‌బుక్ కంప్యూటరును సంప్రదిస్తుంది. ఆమె లోగడ ఆ మాధ్యమంలోకి ప్రవేశించినప్పుడు బ్రౌజరులో దాచిన కుకీ అనే చిన్న గుర్తింపు చీటీ కూడా ఆ సంప్రదింపుతో పాటు వెళ్ళగలదు. ఆమె గుర్తును నొక్కలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆమె ఆ పుటను చూసిన సంగతి మరొక చోట నమోదయ్యే అవకాశం ఉంది. ఇంట్లోవారికే ఇంకా చెప్పని ఆందోళన ముక్కూ ముఖమూ తెలియని సంస్థకు ముందుగా తెలియడం సమంజసమా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న బ్రౌజర్ల దిశనే మార్చింది. ఫైర్‌ఫాక్స్ 2012 నవంబరులో ఫేస్‌బుక్ సందేశాలను తన పక్క పట్టీలో చూపే ఏర్పాటు చేసింది. కొన్నేళ్ళకు ఆ ఏర్పాటును తొలగించింది. 2018 మార్చిలో అదే మొజిల్లా సంస్థ, ఫేస్‌బుక్‌ను తక్కిన పుటల నుండి వేరుచేసి ఒక గదిలో ఉంచినట్లు కట్టడి చేసే ఉపకరణాన్ని విడుదల చేసింది. ఒకనాడు ఆహ్వానించిన అతిథికే ఆరేళ్ళు తిరగకుండా కంచె కట్టవలసి వచ్చింది. ఎపిక్ మలుపు ఇంకా ముందుగా వచ్చింది. 2013లో అది క్రోమియం పునాదిపై కొత్త రూపం దాల్చి, వినియోగదారుని గోప్యతను కాపాడటమే తన ధ్యేయమని ప్రకటించుకొంది. నేడు సఫారి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఇటువంటి పరాయి కుకీల జాడతీతను ఎవరూ కోరకముందే అడ్డుకొంటున్నాయి.

అయితే బ్రౌజరు, సామాజిక మాధ్యమాల పొత్తు పూర్తిగా అంతరించిందని అనలేము. 2017లో ఒపెరా బ్రౌజరు వాట్సాప్, మెసెంజర్, టెలిగ్రామ్ సందేశాలను తన పక్క పట్టీలో చేర్చింది. కాబట్టి సౌకర్యం కావాలా వద్దా అన్నది వివాదం కాదు. ఆ సౌకర్యానికి చెల్లించే మూల్యం వినియోగదారునికి తెలియాలన్నదే ఇక్కడి సారాంశం.

చట్టం, విద్యార్థి కర్తవ్యం

2017 ఆగస్టు 24న భారత సర్వోన్నత న్యాయస్థానం పుట్టస్వామి కేసులో గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. 18 సంవత్సరాలు నిండనివారిని ఈ చట్టం బాలలుగా నిర్వచించింది. బాలల వ్యక్తిగత సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల నిర్ధారిత సమ్మతి ఉండాలని, బాలల ప్రవర్తనను గమనించి వారిని లక్ష్యంగా చేసుకొని ప్రకటనలు చూపరాదని విధించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అత్యధికులు ఈ వయస్సువారే. అంటే ఈ చట్టం ఎక్కడో ఉన్న పెద్దల కోసం చేసినది కాదు, తరగతి గదిలో ఉన్నవారికే వర్తించేది.

అయితే చట్టం గొడుగు వంటిది. దానిని పట్టుకొనే చేయి వినియోగదారునిదే కావాలి. కళాశాల కంప్యూటరులో గాని, ఇంటర్నెట్ కేంద్రంలో గాని పని ముగిసిన తరువాత ఖాతా నుండి బయటకు రావడం, బ్రౌజరు దాచిన చరిత్రను తొలగించడం, కొత్త ఉపకరణం అడిగే అనుమతులను చదివిన తరువాతనే అంగీకరించడం, చదువుకొనే వేళ సందేశాల పట్టీని మూసి ఉంచడం – ఇవి పెద్ద విద్యలేమీ కావు. బయటకు వెళ్ళేటప్పుడు తలుపు వేసుకొన్నంత సులభమైన అలవాట్లు.

సామాజిక బ్రౌజర్లు వ్యాపారంగా విఫలమైనా, వాటి ఆలోచన వ్యర్థం కాలేదు. చదివినదానిని వెంటనే పంచుకోవడం, కొత్త విశేషం తానై తెర మీదికి రావడం నేడు ప్రతి ఫోనులోనూ సాధారణమయ్యాయి. ఆ సౌకర్యాలతో పాటే ఆనాటి ప్రశ్న కూడా ప్రతి చేతికీ చేరింది. మనిషి నలుగురిలో కలవాలి, తన మాట నలుగురికీ వినిపించాలి. కాని ఏ మాటను రచ్చబండ మీద చెప్పాలో, ఏ మాటను గుండెలో దాచుకోవాలో నిర్ణయించే స్వేచ్ఛ అతని చేతిలోనే ఉండాలి. ఆ స్వేచ్ఛను కాపాడుకోవడం నేర్చినవాడే అంతర్జాల యుగంలో నిజమైన విద్యావంతుడు.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు సమగ్రంగా సమాధానాలు రాయండి.
1. సామాజిక బ్రౌజర్ల పుట్టుకను, అవి నిలవకపోవడానికి గల కారణాలను వివరించండి.
2. ‘సౌకర్యానికి చెల్లించే మూల్యం వినియోగదారునికి తెలియాలి.’ పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. కీసరగుట్ట బండరాతి మీది మాట విశిష్టత ఏమిటి?
2. ‘పద్మ’ ఉపకరణం తెలుగు చదువరికి ఎలా తోడ్పడింది?
3. ఫైర్‌ఫాక్స్, ఎపిక్ బ్రౌజర్ల దృక్పథంలో వచ్చిన మార్పును తెలపండి.

ఇ) ఈ క్రింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
1. రామలింగేశ్వరాలయం 2. విద్యార్థి 3. స్వేచ్ఛ

ఈ) సొంత వాక్యాలలో ప్రయోగించండి.
1. తండోపతండాలు 2. ముక్కూ ముఖమూ తెలియని 3. కనుమరుగు